చిన్నస్వామి తలనీలాలు

దీక్షకు నలభై రోజులుందనగా మద్దిలేటి తల మీద ఆఖరి వెంట్రుక కూడా రాలిపోయింది.

జబ్బు పేరు పేనుకొరుకుడు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని పాపం పేనుకు లేనిపోని నింద అంటగట్టాడు. మొదట చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయింది. తర్వాత నడినెత్తిన ఇంకో బిళ్ళ. గురివింద గింజ అరగదీసి పూశాడు. ఉల్లిపాయ రసం పట్టించాడు. డాక్టరు రాసిన సూదిమందులు కూడా వేయించుకున్నాడు. వెంట్రుకలు వాటి దారిన అవి పోయాయి.

ఇంకెవరికైనా అయితే ఇది అద్దం ముందు పడే బాధ. మద్దిలేటికి అలా కాదు. తుంగభద్ర ఒడ్డున నల్లబండ మఠంలో అతను ఆరేళ్లుగా బ్రహ్మచారి. వచ్చే కార్తీక పున్నమికి సన్యాసం తీసుకోవాలి. సన్యాసికి జుట్టెందుకని ఎవరికైనా నవ్వొస్తుంది. మఠంలో వంట చేసే సుంకులమ్మ నవ్వింది కూడా. ఎట్లాగూ గీకేసేదే కదప్పా, ముందే పోయె, కత్తికి పని తప్పె అంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ మఠంలో దీక్ష అంటే మంత్రం ఒక్కటే కాదు. గురువు తన చేత్తో శిష్యుడి తల గీస్తాడు. రాలిన తలనీలాలు ఇత్తడి తాంబాళంలోని నీళ్లలో పడతాయి. ఆ తాంబాళాన్ని కొత్త సన్యాసి రెండు చేతులా పట్టుకుని, చూడవచ్చిన జనం మధ్యగా నడిచి వెళ్లి ఏట్లో కలపాలి. జనం తాంబాళంలోకి తొంగి చూసి దండం పెట్టుకుంటారు. నిన్నటి మనిషి అందులో ఉన్నాడనీ, దాన్ని మోసుకుపోతున్నవాడు వేరేవాడనీ వాళ్ల నమ్మకం.

తాంబాళంలో ఏమీ లేకపోతే ఎవరికి దండం పెడతారు?

ఊళ్లో ఒకడు అననే అన్నాడు. వదులుకోడానికి వెంట్రుక కూడా లేదు, ఇదేం బోడి సన్యాసం అని. అన్నవాడు మర్నాటికి మరిచిపోయి ఉంటాడు. మద్దిలేటి మరవలేదు. గీసిన తలకూ రాలిన తలకూ తేడా దూరం నుంచే తెలుస్తుంది. గీసిన తల మీద నీలం నీడ పరుచుకుని ఉంటుంది. అతని తల ఒలిచిన ఉల్లిపాయలా తెల్లగా మెరుస్తోంది. ఎండలో నడవాలంటే సిగ్గుగా ఉండేది. ఇచ్చేందుకు ఏమీ లేని చేతులతో గుడికి వెళ్లినవాడి సిగ్గు అది.

ఆఖరికి పెద్దస్వామి దగ్గరికి వెళ్లాడు. పెద్దస్వామి ఆ మఠానికి గురువు, ఎనభై దాటిన మనిషి, మాటల్లో మహా పొదుపరి. అప్పుడాయన అరుగు మీద కూర్చుని మంగలికత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"సామీ, తలనీలాలు లేనివాడు ఏమిచ్చి దీక్ష తీసుకోవాలి?"

పెద్దస్వామి కత్తి అంచును బొటనవేలితో తడిమి చూశాడు. మద్దిలేటి తల వంక మాత్రం చూడలేదు.

"ఈ పున్నమికి చిన్నస్వామి దగ్గర తాంబాళం నువ్వు పట్టుకో" అన్నాడు.

చిన్నస్వామి అంటే చిన్నవాడేం కాదు. డెబ్బై ఎనిమిదేళ్లు. దీక్షానామం అమలానంద. పెద్దస్వామి తర్వాత ఏడాదికి మఠంలో చేరాడు కాబట్టి ముసలితనంలోనూ చిన్నస్వామిగానే మిగిలిపోయాడు. నల్లబండ మఠానికి పేరంటూ ఉందంటే ఆయన తల వల్లే.

సన్యాసులు పున్నమికి తల గీయించుకుంటారు. మళ్ళీ పున్నమి నాటికి అందరి తలలూ కోసిన జొన్నచేనులా గరుకు తేలతాయి. చిన్నస్వామి తల తేలదు. పాడ్యమినాడు ఎంత నున్నగా, ఎంత నీలంగా ఉందో చతుర్దశినాడూ అంతే. మా చిన్నసామి ఎంటికలు పున్నమి పొద్దునే మొలుస్తాయప్పా, ఆ పొద్దే పోతాయి, చంద్రుడి మాట ఇంటాయి అని సుంకులమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. జనం బారులు తీరి ఆయన తలను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకునేవారు. ఆయన తల వంచేవాడే గాని కళ్లెత్తి చూసేవాడు కాదు. ఎంత వినయమో అనుకునేవాడు మద్దిలేటి.

ఆయన కనుబొమలు పాలలా తెల్లన, గడ్డం తెల్లన, తల మాత్రం నీలిమందు కలిపినట్టు ఉండేది. మహిమ అని ఒకసారి అనుకున్నాక ఇక ఎవరూ దేన్నీ పోల్చి చూడరు.

దీక్షకు నెల ముందు వచ్చిన పున్నమి పొద్దున మద్దిలేటి తాంబాళం పట్టుకున్నాడు.

మఠంలో ఒక ఆచారం ఉంది. పెద్దస్వామి ముందు తన తల తానే గీసుకుంటాడు, ఆ తర్వాతే, అవే నీళ్లతో, మిగతావాళ్లకు గీస్తాడు. మామూలుగా గురువుది చివర కదా, ఇదేమిటని ఎవరూ అడగలేదు. ఆయన తల మీద కత్తి గరగరమంటూ నడిచింది. తెల్లటి వెంట్రుకలు నీళ్లలో పడ్డాయి.

తర్వాత చిన్నస్వామి వచ్చి కూర్చున్నాడు. పెద్దస్వామి ఆయన తల తడిపి కత్తి పెట్టాడు.

చప్పుడు లేదు.

కత్తి నుదుటి నుంచి మెడ దాకా వెళ్లి వచ్చింది. మళ్ళీ వెళ్లింది. పారే ఏటి చప్పుడు వినిపిస్తోంది, వసారాలో సుంకులమ్మ బియ్యం చెరిగే చప్పుడు వినిపిస్తోంది, కత్తి చప్పుడే లేదు. చిన్నస్వామి పెదవులు కదులుతున్నాయి. మంత్రమేమో విందామని మద్దిలేటి కాస్త ముందుకు వంగాడు.

"గట్టిగా" అంటున్నాడు చిన్నస్వామి. "ఈసారి ఇంకాస్త గట్టిగా."

మద్దిలేటికి ఒళ్లు జలదరించింది. తాంబాళంలోకి చూశాడు. ఇందాకటి తెల్ల వెంట్రుకలే తేలుతున్నాయి. నీలం తల నుంచి ఒక్క నల్ల వెంట్రుకా పడలేదు. గీయడం అయ్యాక కూడా ఆ తల ఎప్పటిలాగే ఉంది.

మహిమను దగ్గర నుంచి చూస్తే ఇలాగే భయం వేస్తుందేమోలే అని సర్దిచెప్పుకున్నాడు. అతని భయం అతనికి ఉండనే ఉంది, పక్కవాడి భయానికి చోటెక్కడ? వారం తిరక్కుండా, కర్నూల్లో పని ఉందని చెప్పి బస్సెక్కాడు.

కర్నూల్లో తలల మీద చుక్కలు పెట్టే చోటు ఒకటుందని డాక్టరు దగ్గర ఎవరో అనగా విన్నాడు. అక్కడ పనిచేసే జిలానీ కుదురైన మనిషి. కాషాయం అంచు పంచె చూసి కూడా నవ్వలేదు. మద్దిలేటి తలను వెలుతురుకు తిప్పి చూసి, ఉన్న దారులన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఒక రకం పొడి ఉందట. అది ఉన్న జుట్టును పట్టుకుని నిలుస్తుంది, నున్నటి తల మీద నిలవదు. ఇంకొకటి రంగు. ఏట్లో మునిగితే ఏటికే పోతుంది. మూడోది సూది. వెంట్రుక మొదలంత సన్నటి చుక్కలు, వేలకు వేలు, మూడు రంగుల్లో కలిపి, మూడు విడతలుగా తల నిండా పెడతారు. దూరం నుంచి చూస్తే ఆ పొద్దునే గీసిన గుండు.

"ఇది పచ్చబొట్టేనా?" అని మద్దిలేటి అడిగాడు.

"కాదన్నా. పచ్చబొట్టు లోతుకు దిగుతుంది. ఏళ్లు పోయేకొద్దీ నీలం తిరుగుతుంది, చుక్కలు పాకి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. ఇక ఏం చేసినా పోదు. ఇది పైపైనే ఉంటుంది. నాలుగేళ్లకో అయిదేళ్లకో వెలిసిపోతుంది."

ఇంకో సంగతి కూడా చెప్పాడు జిలానీ. నుదుటి దగ్గర అంచు తిన్నగా గీత గీసినట్టు రాకూడదట. మనిషి జుట్టు ఎక్కడా తిన్నగా మొదలవదు. తిన్నగా ఉంటే దొంగతనం అక్కడే దొరికిపోతుంది.

ఆ రోజుకు మెడ పైన, తల వెనక, రూపాయి బిళ్ళంత మేర చుక్కలు పెట్టి పంపాడు. ఒంటికి పడుతుందో లేదో చూద్దాం, నచ్చితే సోమవారం రండి, పూర్తిగా వేస్తాను అన్నాడు. రెండద్దాల మధ్య మద్దిలేటి ఆ చోటును చూసుకున్నాడు. అక్కడ తను గీసిన తలవాడు. ఆరు నెలల్లో మొదటిసారి అతనికి ప్రాణం లేచొచ్చింది.

మఠంలో ఎవరూ గమనించలేదు, చిన్నస్వామి తప్ప.

ఆయన రెండు రోజులుగా జ్వరంతో పడుకుని ఉన్నాడు. గంజి తాగించడానికి మద్దిలేటి వంగినప్పుడు, దిండు సర్దుతూ అటు తిరిగినప్పుడు, ఆయన చెయ్యి అతని మెడ మీదకు వచ్చింది. బొటనవేలు సరిగ్గా ఆ బిళ్ళ మీదే ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"నొప్పి పుట్టిందా?" అన్నాడు.

మద్దిలేటి గంజి గిన్నె కింద పెట్టాడు. లేదన్నట్టు తలూపాడు.

"ఎన్నాళ్లుంటుందట?"

"నాలుగైదేళ్లు, సామీ."

"నాలుగైదేళ్లేనా" అన్నాడు చిన్నస్వామి. ఆ గొంతులో అసూయ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల సన్యాసి, తల తాకి జనం ఆ చేతిని కళ్లకద్దుకునే మనిషి, దేన్ని చూసి అసూయపడుతున్నాడో మద్దిలేటికి అంతు చిక్కలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు. తను పోయాక సమాధికి ముందు తల గీయాలి కదా, అది మద్దిలేటే చేయాలట. పెద్దస్వామికి ఇవ్వొద్దట, ఆయన చేతులు అలసిపోయాయట.

"శుభ్రంగా గీయి నాయనా. నన్ను శుభ్రంగా పంపించు."

అలాగేనని మద్దిలేటి చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

ఆదివారం తెల్లవారేసరికి చిన్నస్వామి పోయాడు. కబురందుకుని జనం ఏటి గట్టు మీద గుమిగూడారు. లోపల, తూర్పు గదిలో, దేహాన్ని పద్మాసనంలో కూర్చోబెట్టి పలకకు కాషాయ గుడ్డతో కట్టారు. స్నానం, క్షౌరం అయ్యాక బయటికి తేవాలి. అందరినీ పంపేసి మద్దిలేటి తలుపు దగ్గరికి వేశాడు. కిటికీలోంచి ఎండ నేరుగా ఆ తల మీద పడుతోంది.

ముందు ముఖం కడిగాడు. నుదుటి మీద మూడు విభూతి రేఖలు. చిన్నస్వామి వాటిని నుదుటితో ఆపేవాడు కాదు, తల మీది దాకా మందంగా పూసేవాడు. భక్తి ఎక్కువనుకునేవారంతా. విభూతి కరిగి కారిపోయింది. దాని కింద, నుదుటికి అడ్డంగా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, నీలం తిన్నగా మొదలైంది. దారం పట్టి గీసినంత తిన్నగా.

మద్దిలేటి చూశాడు గాని చూసింది మనసుకు ఎక్కనివ్వలేదు. కత్తి తీసుకున్నాడు. గడ్డం మీద గరగరమంది. తెల్లటి గరుకు నీళ్లలో రాలింది. తల మీద పెట్టాడు.

చప్పుడు లేదు.

మెడ దాకా లాగాడు. నీలం అలాగే ఉంది. నీళ్లు చల్లి మళ్ళీ గీశాడు. సబ్బు రాసి గీశాడు. అడ్డంగా గీశాడు. ఎదురు గీశాడు. కత్తి ఒక్క వెంట్రుకనూ పట్టలేదు. కత్తి వస్తుంటే వెంట్రుకలు చర్మం లోపలికి నక్కి, పోగానే మళ్ళీ పైకి వస్తున్నాయేమో అనిపించింది. మాటిచ్చాను సామీ, మాటిచ్చాను అంటూ గట్టిగా అదిమాడు. చర్మం చీలింది. నెత్తురు రాలేదు. చీలిన చోట, లోపల కూడా నీలమే.

కత్తి ఆపాడు. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. చుక్కలు. వేలకు వేలు. నాట్లు వేసినట్టు వరసలు వరసలుగా మొదలై, ఏళ్ల తరబడి పాకి, ఒకదాన్నొకటి కలుసుకున్న పచ్చబొట్టు చుక్కలు. చందమామ మాట విన్న వెంట్రుక ఆ తల మీద ఒక్కటీ లేదు. ఎన్నడూ లేదు.

మెడ వెనక, రూపాయి బిళ్ళంత చోట, చీమలు పాకినట్టయింది.

"రాదు."

పెద్దస్వామి ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెల్లగా వచ్చి మద్దిలేటి చేతిలోంచి కత్తి తీసుకున్నాడు.

"నలభై ఏళ్లుగా గీస్తున్నాను. నా చేతికీ రాలేదు."

మద్దిలేటి అక్కడే నేల మీద కూర్చున్నాడు. పెద్దస్వామి తడిగుడ్డతో చిన్నస్వామి తల తుడుస్తూ ఉన్న నాలుగు ముక్కలూ చెప్పాడు. ఆయనకూ పేనుకొరుకుడే. దీక్షకు ముందు పది రోజులు కనబడకుండా పోయాడు. ఎక్కడో సంతలో పచ్చబొట్టు పొడిచేవాళ్ల ముందు తల పెట్టుకుని కూర్చున్నాడు. దీక్షనాడు తాంబాళంలో పడ్డవి పెద్దస్వామి వెంట్రుకలు. అందరూ గీసిన తలే అనుకున్నారు. మొదటి నెల బాగుంది, రెండో నెల బాగుంది. మూడో నెల ఎవరో మహిమ అన్నారు. ఇక నోరు విప్పడానికి వీల్లేకపోయింది.

ఆ నలభై ఏళ్లనూ మద్దిలేటి ఒక్కసారిగా చూశాడు. బారులు తీరిన జనం, వంచిన తల, పైకెత్తని కళ్లు. వినయం కాదు అది. దొంగ తల వంచడం. తాకిన ప్రతి చెయ్యీ ఆయన్ను కాల్చి ఉంటుంది. పున్నమి పున్నమికీ గట్టిగా, ఇంకాస్త గట్టిగా అంటూ బతికిన మనిషి మీద జాలితో అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. ముందు తన తల గీసుకుని, ఆ నీళ్లలో తన వెంట్రుకలు ఉంచి, తర్వాత ఈయన్ను పిలిచిన గురువును తలుచుకుంటే ఇంకా ఎక్కువ వచ్చింది.

పెద్దస్వామి విభూతి తీసుకుని చిన్నస్వామి నుదుటి నుంచి తల మీదికి, ఎప్పటిలాగే, మందంగా పూశాడు. తిన్నటి అంచు కనబడకుండా పోయింది. చీలిన చోట ఇంకాస్త అద్దాడు. ఆ తర్వాత మద్దిలేటి వెనక నిలబడి అతని మెడ మీద వేలు పెట్టాడు.

"ఇది?"

"నమూనా, సామీ. నాలుగైదేళ్లకు వెలిసిపోతుందట. నచ్చితే పూర్తిగా వేస్తామన్నారు."

"పూర్తిది చూశావు కదా" అన్నాడు పెద్దస్వామి.

తలుపు తీశారు. జనం దండాలు పెడుతుండగా చిన్నస్వామిని సమాధికి తీసుకెళ్లారు. ఉప్పు, విభూతి పోసి కప్పుతుంటే అన్నిటికన్నా చివర ఆ తల మునిగింది. ఆఖరి దోసిలి పడేదాకా మద్దిలేటి దాన్నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాడు. సోమవారం అతను కర్నూలు వెళ్లలేదు.

కార్తీక పున్నమి పొద్దున ఏటి గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చిన్నస్వామి పోయాక జరుగుతున్న మొదటి దీక్ష. ఆ మహిమ ఈ కొత్తాయన మీదికి దిగుతుందేమో చూడాలని కూడా కొందరు వచ్చారు. మద్దిలేటి తల మీద గుడ్డ లేదు, విభూతి లేదు. ఎండలో తెల్లగా మెరుస్తోంది. నుదుటికి చెమట పట్టింది.

సుంకులమ్మ తాంబాళంలో నీళ్లు పోసింది. అలవాటు చొప్పున ముందు పెద్దస్వామి దగ్గర పెట్టబోయింది.

ఆయన దాన్ని మద్దిలేటి ముందుకు జరిపాడు. "ముందు వాడిది."

మద్దిలేటి తాంబాళంలోకి చూశాడు. తేటనీళ్లు. అడుగున సొట్ట కూడా కనిపిస్తోంది. గురువు వెంట్రుకలైనా లేవు అందులో. పెద్దస్వామి అతని తల తడిపాడు, కత్తి పెట్టాడు, నుదుటి నుంచి మెడ దాకా ఒక్కసారి నడిపాడు. చప్పుడు లేదు. అంతమంది జనమూ ఆ నిశ్శబ్దాన్ని విన్నారు. మెడ దగ్గరికి వచ్చాక, బిళ్ళంత చోటును తాకకుండా కత్తిని పక్కకు తప్పించాడు.

"తీసుకెళ్లు."

"ఇందులో ఏమీ లేదు, సామీ."

"తెలుసు. చూపించు."

మద్దిలేటి రెండు చేతులా తాంబాళం ఎత్తాడు. జనం దారి ఇచ్చారు. ఒక్కొక్కరే తొంగి చూశారు. నీళ్లలో ఏమీ కనబడక, తలెత్తి అతని ముఖంలోకి చూశారు. బోడి సన్యాసం అన్నవాడు కూడా అక్కడే ఉన్నాడు. వాడూ చూశాడు. మద్దిలేటి ఎవరి చూపునూ తప్పించుకోలేదు. తల వంచలేదు. నడిచేకొద్దీ తాంబాళం తేలికైనట్టనిపించింది.

అతను తన ముందు నుంచి దాటగానే సుంకులమ్మ కళ్లు చికిలించి వెనక నుంచి చూసింది.

"సామీ, ఈడ మెడకాడ రూపాయంత మిగిలిపాయ. గీయలేదు నువ్వు."

పెద్దస్వామి కత్తి తుడిచి మడిచాడు.

"ఉండనీలే సుంకులమ్మా. అది దానంతటదే పోతుంది."